పెట్టెలో చోటు

లాపాజ్ నుంచి రేకు పెట్టె మోసుకొచ్చాను.
తాళం ఉంది, పైన సన్నటి చీలిక.
"ఎవరి మనసు వాళ్లది, ఎవరికీ చెప్పక్కర్లేదు" అన్నాను.

మంచుకి గడ్డకట్టిన బంగాళాదుంపలు కాళ్లతో తొక్కుతూ
ఎవులోహియా కొల్కె తలెత్తకుండానే అయ్మారాలో అడిగింది:
"కాలువ తవ్వేటప్పుడు కనబడే చేతులు
ఓటప్పుడు ఎందుకు దాక్కోవాలి?"

నా దగ్గర చట్టం ఉంది. జవాబు లేదు.

మైదానంలో ఇద్దరు నిలబడ్డారు.
ఊరంతా వాళ్ల వెనక బారులు తీరింది.
పొడుగు వరసదే గెలుపు,
లెక్కకి కళ్లు చాలు.

సబీనా ఒక్కతే కాసేపు ఎటూ కదల్లేదు.
మామగారు దగ్గాడు.
వెళ్లి ఆయన వెనకే నిలబడింది.

రాత్రి చలికి నిద్రపట్టక బయటికొస్తే
పెట్టె దగ్గర ఆమె,
చీలికలో వేలు పెట్టి
లోపల ఎంత చోటుందో చూస్తోంది.