తీగకో వంపు

నీళ్ల మోటారు పోయింది మంగళవారం రాత్రి.
దిమ్మె మీద నాలుగు నట్లు మిగిల్చి,
పైపు నోట్లో గుడ్డ కుక్కి మరీ పోయాడు, మర్యాదస్థుడు.
లోపలి రాగి చుట్ట కోసమేనంట.
పాత సామాన్ల కొట్లో కిలో ఎంతో
నాకంటే వాడికే తెలుసు.

అరండల్‌పేటలో కొట్టు. గోడ నిండా కళ్లు.
ఎదురుగా తెరలో నేనే, చేతిసంచీతో, చిన్నగా.
తీగలెందుకు మామయ్యా, వైఫైది పెట్టించమని
పొద్దున్నే ఫోన్లో చెప్పాడు మేనల్లుడు నవనీత్.
ఖాజావలి తల ఎత్తలేదు.
"గాలిని నమ్ముకుంటే గాలికే పోద్ది సార్.
మీ గేటు దాకా నలభై మీటర్లు,
మధ్యలో ఇనప మెట్లు, పక్కింటోళ్ల రేకులు."

బల్ల మీద నల్ల చుట్ట పెట్టాడు. పాత పద్ధతి,
బొమ్మకో పోగు, కరెంటుకో పోగు, రికార్డరు చవక.
నీలం చుట్ట పెట్టాడు. ఒక్క తీగలోనే
చూపూ కరెంటూ. రికార్డరు ఖరీదు.
వారగా ఇంకో నీలం చుట్ట, సగం ధరకి.
అదీ రాగేనని అట్ట మీద రాసుంది.

ఇరవై ఆరేళ్లుగా మిర్చి యార్డులో గుమస్తాని.
టిక్కీ మీద రాసింది చదవను.
అడుగు నుంచి గుప్పెడు లాగి
తొడిమ విరిచి, చెవి దగ్గర గింజ ఆడించి
అప్పుడు ఒప్పుకుంటాను అది తేజా అని.
నీళ్లు చల్లిన కాయ
చేతికి తనే చెప్పేస్తుంది.

"బ్లేడుందా?"
వెంట్రుకంత పోగు. గీరాను.
ఎరుపు కింద తెలుపు.
రెండోది గీరాను. ఎరుపు కింద ఎరుపు.
ఇంకా గీరాను. ఎరుపే.
ఖాజావలి అప్పుడు నవ్వాడు. టీ చెప్పాడు.

రాగి కోసం పోయిన మోటారుకి
నూరు మీటర్ల రాగి కొని ఇంటికి తెచ్చాను.

"డబ్బా ఎక్కడ? దొంగ ముందు దాన్నే వెతుకుతాడు."
శేషారత్నం అటక చూపించింది.
"జాడీల వెనక పెట్టు. ఈయన ఈ జన్మలో అటు చూడలేదు."
"గాలాడాలమ్మా, మే నెలకి ఉడికిపోద్ది."
రెండు జాడీలు పక్కకి జరిగాయి.

"ఎన్ని రోజులు గుర్తుండాలి సార్?" అన్నాడు,
భోజనానికి ఎంతమంది అన్నట్టు.
"ఈ డిస్కుకి పదిహేను. ఆ తర్వాత
పాతది చెరిపి దాని మీదే రాసుకుంటది."
చాలన్నాను.
"నాకు పెళ్లినాటి నుంచీ ఉన్నాయి,
ఏ డబ్బా లేకుండానే" అంది శేషారత్నం.

పెరటి కెమెరాలో మొదట పడింది
హుస్సేన్‌బీ గారి బట్టల తాడు.
కిందికి దించమంది. ఇంకా. ఇంకా.
ఆఖరికి మా గోడ, మా దిమ్మె, నాలుగు నట్లు.

నిచ్చెన మీద కుర్రాడు ఏసోబు
గోడ కన్నంలోకి దూర్చే ముందు
తీగని జానెడు కిందికి వదిలాడు.
బిగించవేమని అరిచాను.
"వాన సార్. తీగెంట పాకి లోపలికొచ్చిద్ది.
వంపుంటే ఆడికొచ్చి కారిపోద్ది."

నేనేమీ అనలేదు.
ఈ మధ్య యార్డు నుంచి వచ్చి
ఒంటి మీది ఘాటుతో, తూకం కాడ తిన్న తిట్లతో
ఆ వంపు కింద కాసేపు నిలబడుతున్నాను.

దొంగ రాలేదు.

తొమ్మిదో రోజు, తెల్లారుజామున నాలుగూ నలభై.
బూడిద రంగు బొమ్మలో, మొహాలకి గుడ్డలతో
తొడిమలు తీసే ఆడవాళ్లు.
యార్డులో వాళ్లు నాకు తలల లెక్క.
ఒకామె, దీవెనమ్మ అనుకుంటాను,
మా గేటు దగ్గర గుడ్డ విప్పి తుమ్మింది.
ఏడుసార్లు. వెనక్కి తిప్పి లెక్కపెట్టాను.
మిగతావాళ్లు ఆగారు. ఎవరో వీపు రాశారు.
ఏదో అన్నారు, అందరూ నవ్వారు.
మాట వినపడే రకం కాదు నేను కొన్నది.

వచ్చే సోమవారానికి దాని మీద
ఇంకో తెల్లారుజాము రాసేస్తుంది.

ఖాజావలికి ఫోన్ చేశాను,
ఇంకో డిస్కు ఎంతవుద్దని.