నలభై అయిదో రోజు

ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతాయి
జువ్వలదిన్నె రొయ్యల గుంటల్లో.
రొయ్యకి ఊపిరాడకపోతే కనిపెట్టేవాళ్ళున్నారు.

చెవుల్లో దూది, నడుముకి పాతచీర కట్టు.
కాయం మింగాను, పథ్యం తప్పలేదు.
బిడ్డ ఏడిస్తే
పక్కింట్లో ఏడ్చినట్టుంటుంది.
దిష్టి అంది అత్త;
పొయ్యిలో మిరపకాయలు ఘాటెక్కలేదు.
ఒక రాత్రి గుంట గట్టున ఎంతసేపు నిలబడ్డానో
ఎవరికీ చెప్పలేదు.

టీకాల నర్సు మస్తానమ్మ వాణ్ణి తూచింది,
నాలుగుంబావు కిలోలు.
కార్డులో రాసి, పెన్ను మూత పెట్టకుండా
"నువ్వెట్టుండావమ్మే?" అంది.

ఆ కార్డులో నాకు గడి లేదు.
గట్టు సంగతి చెప్పేశాను.

"దీనికి పేరుంది, మందుంది.
పాలిచ్చే తల్లికి సరిపడే మందే.
నీ తప్పు కాదమ్మే.
మంగళవారం కావలి ఆస్పత్రికి నేనొస్తా."

చెవుల్లో దూది తీశాను.
వాడు ఏడుస్తున్నాడు,
మా ఇంట్లోనే.