కుడి కంట్రోల్

గ్రిమ్స్‌బీలో రేవు పక్కన ఆఫీసు.
కిటికీ తెరిస్తే చేపల వాసన,
మూస్తే హీటర్ వాసన.
నేను రోజంతా తెరిచి మూసే కిటికీలు వేరు.

ఒకే తెర మీద నాకు నాలుగు తెరలు.
మొదటిది ఉత్తరాలకి.
రెండోది లెక్కలకి.
మూడోదాంట్లో ఆ ముసలి యంత్రం,
యంత్రం కడుపులో యంత్రం.
నాలుగోది ఖాళీ. దాని సంగతి తర్వాత.

కంట్రోల్, ఆల్ట్, బాణం:
పక్క వాటాలోకి పోయినట్టు పోవచ్చు,
చెప్పులు కూడా వెతుక్కోనక్కర్లేదు.

పేచీ అంతా మూడోదాంతోనే.
పాతికేళ్ల కిందటి చేపల వేలం ప్రోగ్రాం
అందులో ఇంకా బతికే ఉంది.
కాడ్, హాడక్, ప్లేస్,
పడవ పేరు, పెట్టెలెన్ని, కొన్నదెవరు.
కొత్త కంప్యూటర్ల గాలి దానికి పడదు.
అందుకని దాని కాలాన్నే ఒక పెట్టెలో పోసి
అందులో ఉంచాం దాన్ని.
రోజూ పొద్దున్నే అదే మార్చి మంగళవారానికి తిప్పి
నిద్ర లేపుతాను.

లోపల ఒక్కసారి క్లిక్ చేశానా,
మీటలన్నీ దాని పరం.
పక్క తెరకి పోదామని బాణం నొక్కుతాను.
నేను కదలను.
లోపలెక్కడో నీలి పట్టికలో
ఒక గడి కుడికి జరుగుతుంది.

మర్యాదకి దాన్ని అతిథి అంటారు.
చుట్టపుచూపుగా వచ్చి
బీరువా తాళాలు బొడ్లో దోపుకున్న అతిథి.

విడిపించే మీట ఒక్కటే, కుడి కంట్రోల్.
నా లాప్‌టాప్‌కి అది లేదు.
ఆ చోట ఇంకేదో బొమ్మ అచ్చేశారు.
మూడు రోజులు సీసాలో ఈగలా కొట్టుకున్నాను.

పోలీన్‌కి చెప్పాను.
ఇరవై ఆరేళ్లు వేలం గుమాస్తా, ఇప్పుడు
నేను తప్పుగా చదివే పడవల పేర్లు దిద్దే మనిషి.
మర్నాడు చారిటీ షాపులో మూడు పౌండ్లకి
ఒక కీబోర్డు పట్టుకొచ్చింది.
‘ఈ’ అరిగిపోయింది. స్పేసు కింద ఎవరిదో బిస్కెట్ పొడి.
కుడి మూల మాత్రం
ఎవరూ ఎన్నడూ తాకనట్టు ఆ మీట.

నొక్కాను.
కంటికి ఏమీ జరగలేదు,
కింద చిన్న గుర్తు బూడిదరంగుకి మారడం తప్ప.
మళ్లీ కంట్రోల్, ఆల్ట్, బాణం.
తడి నేల మీద చేపల పెట్టెలా
తెర మొత్తం జారిపోయింది.

అప్పట్నించి పోలీన్ నన్ను కదిలించే ముందు అడుగుతుంది,
“లోపలున్నావా, బయటా?”

మొన్న లోపలున్నాను.
హంబర్ లార్క్ అని ఒక పడవ.
పెట్టెలు సున్నా. మర్నాడూ సున్నా.
నలభై ఒక్క రోజులు, ఆదివారాలు పోను,
వరసగా సున్నా.
ప్రోగ్రాం పొరపాటేమో, తీసేద్దామా అన్నాను.

పోలీన్ కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి చూసింది.
“అది నేనే.
ఇంజను పోయి రేవులోనే ఉండిపోయింది, బాగుచేయించే డబ్బు లేక.
ఏమీ రాకపోయినా రాయాలి.
రాయకపోతే పడవే లేదనుకుంటారు.”
నా భుజం మీదుగా చెయ్యి చాపి
తనే కుడి కంట్రోల్ నొక్కి
టీ పెట్టడానికి వెళ్లిపోయింది.

నాలుగో తెర గురించి చెబుతానన్నాను కదా.
చెప్పడానికి అక్కడేం లేదు.
రోజుకి రెండు మూడుసార్లు ఊరికే వెళ్లి
నిలబడి వస్తుంటాను.
వెళ్లినట్టు ఎవరికీ తెలీదు.

నిన్నట్నించి అక్కడొక ఫైలుంది.
తేదీ వేసి, పక్కన సున్నా పెట్టాను.
లోపలి తేదీ కాదు.
బయటిది.