జీడిగుర్తు

రాస్ అల్ ఖైమాల మ్యాచ్ అయిపోయినంక
స్టేడియం లైట్లు ఒక్కొక్కటే ఆరుతుంటే
నా ఆట షురువైతది.
నలభై జెర్సీలు, నలభై నిక్కర్లు,
జతలు తప్పిన సాక్సులు,
బండెడు ఉప్పు చెమట.

ఇన్నేండ్లల్ల నేను గోల్ చూసింది తక్కువ.
మెట్ల కింది గదిల మిషన్లు తిరుగుతుంటయి,
పైన జనం లేస్తే కప్పు ఊగుతది.
గంతే నాకు స్కోరు.
కని ఎవడు ఎట్ల ఆడిండో
మాసిన బట్ట చెప్తది.
మా అవ్వ సౌడు నీళ్లల్ల ముంచకముందే
ఈ ధోతి పొలం మొకం చూడలేదనేది,
ఈ చీర రాత్రంత ఏడ్చిందనేది.
గా చదువే నాది.

పది నంబరు దూషాన్‌ది. సెర్బియా. ముప్పై నాలుగేండ్లు.
నిలబడ్డ కాడ నిలబడే ఆట నడిపిస్తడు.
బంతి కాలికి తాకకముందే
అది పోవాల్సిన ఇల్లు ఆయనకెరుక.
ఆయన నిక్కరు తొడుక్కొని పెండ్లికి పోవచ్చు,
గడ్డి మరక లేదు, మన్ను లేదు.

ఇరవై రెండు జౌహర్. మొరాకో పోరడు.
బంతిని పిల్లగాని తీరు పొదువుకొని ఉరుకుతడు,
ముగ్గురి నడుమ సందు లేకున్నా సందు జేస్తడు.
తుంటి మీద పచ్చ, మోకాలు కాడ చిరుగు,
మెడకాడ ఎవని గోరో దిగిన నెత్తురు.
నెత్తురు మరకకు సన్నీళ్లే పెట్టాలె,
వేన్నీళ్లు పెడితే పట్టుకుంటది.
ఈ ఏడు మూడుసార్లు స్ట్రెచరెక్కిండు.
మూడుసార్లూ ఆయన జెర్సీ
కత్తెరతో కోసిందే నా చేతికొచ్చింది.

జనవరిల లిస్టు రాస్తరు.
బయటి దేశపోళ్లకు కుర్చీలు లెక్కపెట్టి ఉంటయి,
కొత్త గోల్‌కీపర్ దిగిండు, ఒకడు లేవాలె.
అద్దాల గదిల కోచ్, డాక్టరు, మేనేజరు.
ఎవడు ఎన్ని దినాలు మంచాన పడ్డడో
తెర మీద ఎర్ర గీతలు.
చాయ్ ఇయ్యపోయిన తాజుద్దీన్ చెవిల చెప్పిండు:
"దూషాన్ పడడంట. పడనోడే పైసలకు గ్యారంటీ అంట."

పడడు. నిజమే.
కని నాకొకటి ఎరుక.
నాలుగు నెలలాయె, ఎడమ మోకాలి పట్టీ
నల్ల కవర్ల చుట్టి నా చేతికే ఇస్తడు,
డాక్టరు లేనప్పుడు.
లోపట మందు వాసన, టేపు జిగురు,
ఎక్కడనో సూది గుచ్చి తీయించుకున్న
పసుపుపచ్చ నీటి చుక్క.
కుడి సాక్సు మడమ అరిగి జల్లెడ,
ఎడమది కొత్తది కొత్తదే.
ఉరకనిది తెలివా, ఉరికితే ఇరుగుతదన్న భయమా?
రెండింటికీ ఒకటే మరక:
మరక లేకపోవుడు.

చెప్పొచ్చు. ఎవలకు?
మొన్న నాది కంపెనీ మెడికల్.
తడి మూటలు ఎత్తి ఎత్తి నడుము పూస జరిగింది,
నాలుగు గోలీలు మింగి నిటారుగ నిలబడ్డ.
"నొప్పేమన్నా?" అంటే నవ్విన.
వీసా ఇంకో రెండేండ్లు బతికింది.

శుక్రవారం పొద్దుగాల కాయితం వచ్చింది:
ఇరవై రెండు తీసెయ్యి.
వేడి పెట్టి, అంకె అంచు గోరుతోని లేపి గుంజిన.
అంకె వచ్చింది. దాని నీడ రాలే.
సబ్బుకు పోలే, సోడకు పోలే, ఎండకు పోలే.
అవ్వ నల్లజీడిల సూది ముంచి
బట్ట మూలకు పెట్టిన చుక్క సుత గంతే,
బట్ట చిరిగేదాంక ఉంటది.

పగటీలి జౌహర్ వచ్చిండు, భుజానికి సంచి.
"నా సాక్సులు?"
ఒకటి దొరికింది.
ఇంకోటి మిషన్ల తిరుగుతున్నది,
ఇరవై నిమిషాలు పడతదని వేళ్లతోని చూపిన.
బల్ల మీద కూసున్నడు.
గుండ్రటి అద్దంల నురుగు చూసుకుంట ఇద్దరం.
నేను మాత్రం
ఏ పక్కకు ఒరిగితే నొప్పి తక్కువనో
ఎతుక్కుంట.