తొడల నూలు

తవిటయ్య డాక్టరిచ్చిన తెల్లమాత్ర
సెనగబద్దంత కూడా లేదు.
నాలిక మీద సేదు, గొంతు దిగితే దేవుడు.
దూదిపీసు పట్టీసిన నా రొమ్ము
ఆ రేతిరే తలుపులు తీసీసింది.
ఆయాసం పోనాది కదా, ఇంకేటి కావాల?
రోజుకొకటి. పొడిగాలప్పుడు రెండు.
మూడేళ్లు.

మొగం గుండ్రంగా ఉబ్బింది.
"దాలమ్మకి కలిసొచ్చినాది, ఒళ్లు సేసింది" అన్నారు
పొందూరు సంఘం కాడ
సిలపలు తూకానికిచ్చిన ఆడోళ్లు.
నానూ నవ్వీసినాను.

ఒక పొద్దు
రాట్నం ముందునించి లెగబోతే
కాళ్లు రామన్నాయి.
నొప్పి లేదు, తిమ్మిరి లేదు.
రామన్నాయి, అంతే.
కూలి ఎగ్గొట్టిన కామందు పిలిస్తే
మనుసులు పలకనట్టు.
నేల మీద సెయ్యి, మోకాలి మీద సెయ్యి, తొడ మీద సెయ్యి,
నా ఒంటి మీద నానే ఎక్కి
లెగిసినాను.

కొప్పు ముడుద్దామంటే
సెయ్యి సెవిదాకా వచ్చి ఆగిపోతాది.
సిత్రం సూడు, ఏళ్లు మాత్రం ఆ ఏళ్లే!
వాలుగ దవడతో దూది ఏకితే
ఇప్పటికీ నలుసు మిగల్దు.
వందో నంబరు నూలు తెగకుండా లాగుతాను,
లాగింది లెగిసి
గూట్లో పెట్టలేను.

సికాకులం పెద్దాసుపత్రిలో
కళ్లజోడు గుంట, డాక్టరమ్మ,
సేతులు కట్టుకుని కుర్సీలోంచి లెగమంది.
నా వల్ల కానేదు.
కండన్నాది, ప్రోటీనన్నాది,
కాయితం మీద గీతలు గీసింది.
నాకు మగ్గం మాటల్లో అర్థమైనాది:
ఒళ్లు రోజూ కొన్ని పోగులు ఇప్పుతాది, కొన్ని నేస్తాది.
ఈ మాత్ర నేసేవోణ్ణి మూల కూకోబెట్టి
ఇప్పేవోడికి ఇంకో రెండు సేతులిచ్చింది.
ఊపిరికి నూలు కావాలని
నా తొడల్లోంచే వడికీసింది.

మరైతే ఇప్పుడే పారేస్తానన్నాను.
"అమ్మో, ఒక్కసారి ఆపితే ప్రాణం మీదికొస్తుంది.
కొంచెం కొంచెం తగ్గిద్దాం.
ఆయాసానికి పీల్చే మందిస్తాను.
గుడ్డు తిను, గోడ పట్టుకుని లేచి కూర్చో" అంది.
తెగకుండా మెల్లగా లాగడం
నాకేటి కొత్తా?

తవిటయ్యని తిట్టలేదు.
ఆ రేతిరి ఊపిరిచ్చింది ఆడే.
అడక్కుండా మూడేళ్లు మింగింది నాను.

నిన్న పీట మీంచి
ఎక్కడా సెయ్యానించకుండా లెగిసినాను.
ఎవులూ సూళ్లేదు.
మళ్లీ కూకున్నాను, మళ్లీ లెగిసినాను.
మూడోపాలి
రానేదు.