నీళ్లు పోసే చెయ్యి

కుతాయిసిలో ఆ శీతాకాలం
రియోని ఒడ్డున మంచు కరగనే లేదు.
నెలలు నిండని పిల్లల వార్డులో
మూడో గాజు తొట్టెకి జ్వరం వచ్చింది,
తర్వాత ఐదో తొట్టెకి.
మధ్యలో నాలుగోది క్షేమం.

అదే నన్ను నిద్రపోనివ్వలేదు.
గాలిలో వచ్చేదయితే నాలుగోదాన్ని వదులుతుందా?
దీనికి కాళ్లు లేవు, రెక్కలు లేవు.
ఎవరో ఎత్తుకుని తిప్పుతున్నారు.

దూది పుల్లలు పట్టుకుని బయల్దేరాను.
తొట్టె కమ్మీ, స్టెతస్కోపు బిళ్ల,
డాక్టర్ బద్రి పెళ్లి ఉంగరం కింది తెల్లటి చార,
కేసు షీటుకి దారంతో కట్టిన పెన్ను,
నా సొంత ఫోను కూడా.
నేను వెళ్తే క్యాంటీన్లో మాటలు ఆగిపోయేవి:
సిస్టర్ మక్వాలా దొంగని వెతుకుతోందట.
నేను వెతికింది దారిని.

రెండు రోజులకి గాజు పళ్లేల్లో
గులాబి రంగు జిగురు బొట్లు మొలిచాయి.
అన్నిటికన్నా దట్టంగా మొలిచింది
చేతులు కడుక్కునే చోటే.
కుళాయి పిడి.

నవ్వొచ్చింది. తర్వాత కడుపులో దేవింది.
మురికి చేత్తో తిప్పుతాం,
వేళ్ల సందులు, గోళ్ల మొదళ్లు శ్రద్ధగా రుద్దుతాం,
కడిగిన చేత్తో మళ్లీ అదే పిడి తిప్పి కట్టేస్తాం.
వదిలించుకున్నదాన్ని వడ్డీతో సహా తెచ్చుకుంటాం.

మోచేత్తో నొక్కే కుళాయిలకి అర్జీ పెట్టాను.
వసంతంలో చూద్దామన్నారు పైవాళ్లు.
మూడో తొట్టె అప్పటిదాకా ఆగలేదు.
చీటీ ఇంకా అంటుకునే ఉంది దాని మీద:
ఎలిసో కూతురు.
పేరు పెట్టలేదింకా.

ఆ రాత్రి, నేల తుడిచే త్సియాలా
తుడుపు కర్ర గోడకానించి అడిగింది:
"మీ ఇళ్లలో కడుక్కునేవాళ్లే నీళ్లు పోసుకుంటారా?
మా కొండ మీద, ఆవుని పితికే ముందు
అమ్మ చేతులు చాచేది, నేను కూజా వంచేదాన్ని.
శుభ్రమైన చెయ్యి కూజాని ముట్టుకోదు."

మర్నాడు రౌండ్సుకి ముందే
సింకు దగ్గర నిలబడింది త్సియాలా.
మరిగించి చల్లార్చిన నీళ్లు, నీలం ఎనామిల్ కూజా.
డాక్టర్ బద్రి ఉంగరం తీసి జేబులో వేసుకున్నాడు.
ఇరవై ఏళ్లలో ఆమె పేరు అడగడం అదే మొదలు.
చెప్పింది. "బొటనవేలు మరిచారు" అని కూడా చెప్పింది.

తొట్టెకీ తొట్టెకీ మధ్య ఒకసారి.
పిల్లని ముట్టే ముందు, ముట్టాక.
ఒక్కొక్కరికీ ఒక్కో కాయితం తువ్వాలు.
ఆ నెల మా అందరి చేతులూ పగిలి మండేవి.
కుళాయిలు మే నెలలో వచ్చాయి.
ఐదో తొట్టె పిల్ల ఏప్రిల్లోనే ఇంటికెళ్లింది.

త్సియాలా మళ్లీ నేల తుడుస్తోంది.
కూజా మాత్రం సింకు పక్కన బోర్లించి ఉంటుంది.
ఎవరైనా తొందరలో కడుక్కోకుండా దాటిపోతే
నేనేమీ అనను.
దాన్ని తిప్పి నిలబెడతాను,
చప్పుడు వినపడేలా.