అరవై ఏడు, సుమారుగా

పెరంబూరు మార్కెట్లో ఆకుకూరల సెల్వి
నిన్నటిదాకా "అక్కా" అనేది.
ఇవాళ కొత్తిమీర సంచిలో వేస్తూ
"పాత్తు పోంగ, పాటీ" అంది.
చూసుకుని నడవాలట అవ్వ!
అంతే,
నిన్న లేని మోకాలి నొప్పి
స్టేషను మెట్లు నాకంటే ముందే ఎక్కేసింది.

బ్యాంకులో కుర్రాడు
నా ఫారం నాకివ్వకుండా
పక్కనున్న కోడలి చేతికిచ్చి
ఎక్కడ సంతకం పెట్టించాలో ఆమెకే చూపించాడు.
ముప్ఫై రెండేళ్ళు ట్రంకు కాల్స్‌లో
ఊరికీ ఊరికీ మాట కలిపిన గొంతు
"సరే నాయనా" అని ఊరుకుంది.

సాయంత్రం మేడమీద కుముదవల్లి.
డెబ్భై నాలుగు దాటింది.
కేరం బోర్డు మీద పౌడరు చల్లి
ఒక కన్ను మూసి
"ఏమే పిల్లా, గురి ఇలా ఉంటే
నా వయసుకి ఏం ఆడతావే?" అంది.

పిల్లా!
చాలాసేపటిదాకా
కాలు మడిచి కూర్చున్న సంగతే తెలీలేదు.

ఎర్రకాయ పడింది. ఫాలో పడలేదు.

మెట్లు దిగుతుంటే మోకాలు మళ్ళీ పలికింది,
కాస్త మర్యాదగా.

రేపూ సెల్వి దగ్గరే కొంటాను.
"అక్కా" అంటే
రెండు కట్టలు.